సూది గుచ్చకుండా చక్కెర కొలవగలమా?

మీరు మధ్యాహ్నం అన్నం తిన్నారు. మీది కోదాడ దగ్గరి అనంతగిరి అయితే, అది సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండి, మిర్యాలగూడ మిల్లులో మర ఆడిన బియ్యం కావచ్చు. ఏ ఊరి బియ్యమైనా అందులో ఎక్కువ భాగం పిండిపదార్థమే. నోట్లోని లాలాజలం మొదలుకొని చిన్నపేగు దాకా జీర్ణరసాలు ఆ పిండిపదార్థాన్ని ముక్కలు ముక్కలు చేస్తాయి. చివరికి మిగిలే అతి చిన్న ముక్క పేరు గ్లూకోజు. అది పేగు గోడల గుండా రక్తంలోకి చేరుతుంది. రక్తం దాన్ని మెదడుకూ, కండరాలకూ, గుండెకూ మోసుకుపోతుంది. మీరు కబడ్డీ ఆడినా, లెక్కలు చేసినా ఆ శక్తిలో చాలా భాగం ఈ గ్లూకోజు నుంచే వస్తుంది.

మరి మన రక్తంలో ఎంత చక్కెర ఉంటుందంటారు? ఒక చిన్న లెక్క చేద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. పెద్దవాళ్ళ ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. 5 లీటర్లంటే వంద మిల్లీలీటర్ల భాగాలు 50. భాగానికి 100 మిల్లీగ్రాముల వంతున మొత్తం 5,000 మిల్లీగ్రాములు. అంటే 5 గ్రాములు. చూశారా! ఒళ్ళంతా తిరిగే రక్తంలో ఉన్న చక్కెర అంతా కలిపి ఒక్క టీ చెంచాడు!

ఆ చెంచాడు పెరగకుండా, తరగకుండా కాపాడేవాటిలో ముఖ్యమైనది క్లోమం తయారుచేసే ఇన్సులిను అనే హార్మోను. ఇన్సులిను చాలకపోయినా, ఉన్న ఇన్సులినుకు శరీరం లొంగకపోయినా రక్తంలో చక్కెర పేరుకుపోతుంది. పరగడుపు లెక్క 126 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే, మరోసారి పరీక్షించి డాక్టర్లు మధుమేహం అని నిర్ణయిస్తారు. దీన్నే మనం షుగరు జబ్బు అంటాం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉంది. చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే కళ్ళు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతింటాయి. అలాగని మరీ తగ్గినా ప్రమాదమే. 70 కంటే దిగిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. ఇంకా దిగితే స్పృహ తప్పుతుంది. ఇన్సులిను వేసుకునే వ్యక్తికి మోతాదు తప్పితే జరిగేది ఇదే. అందుకే చక్కెర లెక్క సరిగా తెలియడం వాళ్ళకు ప్రాణంతో సమానమైన విషయం.

వేలి మీద రక్తపు చుక్క

ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తలు ముప్ఫయి ఏళ్ళు దాటినవాళ్ళ వేలిని సన్నని సూదితో పొడిచి, ఒక రక్తపు చుక్కను చిన్న పట్టీ మీదకు తీసుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ పట్టీ మీద ఒక ఎంజైము పూసి ఉంటుంది. రక్తంలో వందలాది పదార్థాలున్నా, ఆ ఎంజైము వాటిలోంచి గ్లూకోజునే ఎంచి పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. మీటరు ఆ చిన్న కరెంటును కొలిచి అంకెగా చూపిస్తుంది. ఎంజైముతో గ్లూకోజును కొలిచే ఎలక్ట్రోడు ఆలోచనను 1962లో అమెరికాలో లేలండ్ క్లార్క్ ప్రకటించాడు.

పద్ధతి మంచిదే. కానీ ప్రతిసారీ వేలు పొడవాలి. మీ ఈడు పిల్లల్లో కొందరికి చిన్నతనంలోనే ఇన్సులిను తయారీ ఆగిపోయే మధుమేహం వస్తుంది. అలాంటి పిల్లవాడు రోజుకు నాలుగుసార్లు వేలు పొడుచుకుంటే ఏడాదికి ఎన్నిసార్లవుతుంది? నాలుగును 365తో హెచ్చవేయండి. 1,460 సార్లు! నొప్పికి తోడు పట్టీల ఖర్చు. చర్మం కింద సన్నని తీగ ఉంచి రోజుల తరబడి కొలిచే పరికరాలు ఇప్పుడు వచ్చాయి. అవి వేళ్ళకు విశ్రాంతినిచ్చినా, తీగ చర్మంలోకి దిగక తప్పదు, ఖర్చూ తక్కువ కాదు.

అసలు గుచ్చకుండా కొలవలేమా?

గుచ్చని పరీక్షలు నిజానికి చాలా పాతవే. మూత్రానికి చీమలు పట్టడాన్ని మన ప్రాచీన వైద్యులు గమనించారు. మధుమేహం అన్న పేరులోనే తీపి ఉంది కదా! 1776లో ఇంగ్లండులో మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రాన్ని ఇగిరించి, మిగిలిన పదార్థం చక్కెరలాంటిదని చూపించాడు. తర్వాత బెనెడిక్టు ద్రావణం వచ్చింది. మూత్రం కలిపి వేడిచేస్తే నీలం రంగు ద్రావణం చక్కెరను బట్టి ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు రంగుల్లోకి మారుతుంది. సూది లేదు, నొప్పి లేదు. మరి దాన్ని ఎందుకు వదిలేశాం? రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గానీ మూత్రపిండాలు దాన్ని మూత్రంలోకి వదలవు. 150 ఉన్నా, 50 ఉన్నా మూత్రపరీక్ష ఒకే రంగు చూపిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదమైన సంగతి, అంటే చక్కెర పడిపోవడం, అది చెప్పనే చెప్పదు.

వేలిలోంచి దూసుకుపోయే వెలుగు

చీకటి గదిలో టార్చిలైటు గాజు మీద వేలు ఆనించి వెలిగించి చూడండి. ఫోనులోని దీపమైనా సరే. వేలు ఎర్రగా మెరుస్తుంది. దీపం తెల్లనిది కదా, వెలుగు ఎర్రగా ఎందుకు వచ్చింది? నీలం, ఆకుపచ్చ కాంతులను రక్తం పీల్చేసింది. ఎర్రకాంతి చాలావరకు తప్పించుకుని బయటికి వచ్చింది. ఎరుపు కంటే పొడవైన తరంగాలు గల పరారుణ కాంతి మన కంటికి కనబడదు గానీ, అదీ మాంసంలోకి బాగానే చొచ్చుకుపోతుంది.

ఈ సంగతిని వాడుకునే పరికరాన్ని 2020లో కరోనా రోజుల్లో అందరూ చూశారు. వేలికి క్లిప్పులా పెడితే ఆక్సిజను శాతం చెప్పే పల్స్ ఆక్సీమీటరు అది. దాని సూత్రాన్ని 1974లో జపానులో టకువో అయోయాగి కనిపెట్టాడు. ఆక్సిజను ఉన్న రక్తం ఎర్రగానూ, లేనిది ముదురుగానూ ఉంటుంది. ఒక ఎర్రదీపం, ఒక పరారుణ దీపం వెలిగించి, రెండు వెలుగుల్లో దేనిని ఎంత పీల్చిందో చూస్తే ఆక్సిజను లెక్క తెలిసిపోతుంది.

ఆక్సిజనును వెలుగుతో కొలిచినవాళ్ళం చక్కెరను కొలవలేమా? ఇక్కడే వచ్చింది చిక్కు.

ఒక లీటరు మంచినీళ్ళలో పావు చెంచా, అంటే సుమారు ఒక గ్రాము చక్కెర కరిగించండి. పక్కన ఒక లీటరు మామూలు నీళ్ళు ఉంచండి. ఏది చక్కెర నీరో చూసి చెప్పగలరా? లేరు. రుచి చూసినా తీపి దాదాపు తెలియదు. లీటరుకు ఒక గ్రాము అంటే 100 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములు. రక్తంలో ఉండేది అంతే!

హెమోగ్లోబిను సంగతి వేరు. దానికి రంగుంది. పైగా 100 మిల్లీలీటర్ల రక్తంలో అది 12 నుంచి 16 గ్రాములు ఉంటుంది. గ్లూకోజుకు మనకు కనబడే రంగే లేదు, బరువులో హెమోగ్లోబినులో నూరోవంతు కూడా లేదు. ఇక నీళ్ళతో పోలిస్తే ఒక్కొక్క గ్లూకోజు అణువుకు సుమారు పదివేల నీటి అణువులున్నాయి. పరారుణ కాంతిని గ్లూకోజూ పీలుస్తుంది, నీరూ పీలుస్తుంది. సూర్యాపేట దగ్గర పెద్దగట్టు జాతరలో డోళ్ళ మోత మధ్య, దూరాన నిలబడ్డ ఒక్క మనిషి గుసగుసను వినాలనుకోండి. గ్లూకోజును వెలుగుతో వెదకడం అలాంటిది. చర్మం కొంచెం చల్లబడినా, చెమట పట్టినా, వేలిని కాస్త గట్టిగా నొక్కినా వచ్చే మార్పు చక్కెర వల్ల వచ్చే మార్పును మింగేస్తుంది.

పక్కదారులు

చక్కెర ద్రావణానికి ఒక వింత గుణం ఉంది. ఒకే తలంలో కంపించే కాంతిని, అంటే ధ్రువిత కాంతిని, అది కొద్దిగా పక్కకు తిప్పుతుంది. చక్కెర కర్మాగారాల్లో చెరకు రసంలో చక్కెరను ఈ గుణం ఆధారంగానే కొలుస్తారు. కానీ రక్తంలో ఉన్నంత గ్లూకోజు ఒక సెంటీమీటరు దూరంలో కాంతిని తిప్పేది డిగ్రీలో వెయ్యింట ఐదో వంతు మాత్రమే! పైగా చర్మంలో కాంతి చెల్లాచెదరై, ధ్రువణం చెడిపోతుంది. అందుకని కొందరు కంటి ముందు భాగంలోని తేటనీటిని ఎంచుకున్నారు. కానీ కన్ను కదులుతుంది, కంటిపొర కూడా కాంతి ధ్రువణాన్ని మారుస్తుంది.

కన్నీళ్ళలోనూ కొద్దిగా గ్లూకోజు ఉంటుంది. దాన్ని కొలిచే కాంటాక్టు కటకం తయారుచేస్తామని 2014లో గూగుల్ ప్రకటించింది. కన్నీటి చక్కెరకూ రక్తపు చక్కెరకూ నిలకడైన పొత్తు కుదరక 2018లో ఆ పని ఆపేశారు. 2001లో గ్లూకోవాచ్ అనే చేతిగడియారానికి అమెరికాలో అనుమతి దొరికింది. అది అతి స్వల్పమైన కరెంటుతో చర్మంలోంచి గ్లూకోజును పైకి లాగి కొలిచేది. చర్మం కందిపోయి మంటపుట్టేది. దాన్ని సరిచూసుకోవడానికి మళ్ళీ వేలు పొడవవలసి వచ్చేది! కొన్నేళ్ళకు అది బజారులోంచి మాయమైంది.

బస్సును చూసి టైము చెప్పినట్టు

వెలుగుతో కొలిచే ప్రయత్నాల్లో ఇంకో మోసం దాగి ఉంది. ఎవరూ కావాలని చేసేది కాదది, లెక్కలే చేసే మోసం.

మీ ఊరికి రోజూ పన్నెండు గంటలకు ఆర్టీసీ బస్సు వస్తుందనుకోండి. గడియారం లేని ఒకాయన బస్సు రాగానే "పన్నెండయింది" అంటాడు. పది రోజులు పరీక్షించండి, పదిరోజులూ ఆయన చెప్పింది సరిపోతుంది. ఆయనకు టైము తెలిసినట్టేనా? పదకొండో రోజు బస్సు గంట ఆలస్యంగా వస్తే తెలుస్తుంది అసలు సంగతి!

పరికరాల పరీక్ష కూడా ఇలాగే జరిగేది. ఒక మనిషికి తీపినీళ్ళు తాగించి, రెండు మూడు గంటలసేపు వెలుగు కొలతలు తీసేవారు. ఆ కాసేపట్లో చక్కెర పెరిగి తగ్గుతుంది. అదే సమయంలో చర్మం వెచ్చబడవచ్చు, దీపం వేడెక్కవచ్చు. వందల అంకెలను కలిపి లెక్కగట్టే కంప్యూటరు వీటిలో దేనినో పట్టుకుని, అదే చక్కెర అనుకోవచ్చు. 1998లో మార్క్ ఆర్నాల్డ్, ఆయన సహచరులూ ఒక చమత్కారమైన పరీక్ష చేశారు. గ్లూకోజు సమాచారం ఏ మాత్రమూ లేని కృత్రిమ వర్ణపటాలను లెక్కకు ఇచ్చారు. అయినా "చక్కెర"ను బాగానే కొలుస్తున్నట్టు కనిపించే సూత్రం తయారైంది! లేని చక్కెరను కొలిచిన సూత్రమన్నమాట.

అప్పటి నుంచి శాస్త్రజ్ఞుల ముందు నిలిచిన ప్రశ్న ఇది: మీ పరికరం చూస్తున్నది చక్కెరనేనా, లేక చక్కెరతో పాటు నడిచే ఇంకొకదాన్నా?

కుండను కొట్టి చూసినట్టు

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు. కళ్ళు మూసుకున్నా కుండ మోత వేరు, ఇత్తడి బిందె మోత వేరు, స్టీలు గ్లాసు మోత వేరు. అణువులకు కూడా ఇలాంటి సొంత కంపనాలున్నాయి. వాటిని కాంతితో తట్టి గుర్తించవచ్చని 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ నిరూపించాడు. ఒక పదార్థం మీద ఒకే రంగు కాంతి పడితే, చెదిరి వచ్చే కాంతిలో దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. కోటిలో ఒక ఫోటాను మాత్రం తన శక్తిలో కొంత అణువు కంపనానికి ఇచ్చి, రంగు మార్చుకుని వస్తుంది. ఎంత మారిందో చూస్తే ఏ అణువును తట్టి వచ్చిందో తెలుస్తుంది. అదే రామన్ ఫలితం.

ఈ విద్యను పెంచినవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం 1928లోనే రామన్ దగ్గర చేరి పరిశోధన చేశాడు. తర్వాత వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1940లో రామన్ ఫలితం మీద ప్రామాణిక గ్రంథం వెలువరించాడు. ఆనాడు పాదరస దీపాలు, ఫొటో పలకలే సాధనాలు. ఆ మసక కాంతి పలక మీద పడడానికి గంటల తరబడి వేచి ఉండేవారు. 1960లో లేజరు వచ్చాక ఆ కష్టం తీరింది.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో మైకేల్ ఫెల్డ్ అనే ఆచార్యుడు రామన్ కాంతితో రక్తంలోని గ్లూకోజును కొలిచే పని మొదలుపెట్టాడు. ఆ పరిశోధనశాలలో ఆయనకు కుడిభుజంగా ఉన్నవాడు, అంతకు ముందు కాన్పూరు ఐ.ఐ.టి.లో పనిచేసిన దాసరి రామచంద్రరావు. వీరికి ఒక కొత్త అడ్డంకి ఎదురైంది. పరారుణ లేజరు చర్మంలోకి అర మిల్లీమీటరు దాకానే పనికొస్తుంది. అక్కడ దొరికేది ప్రధానంగా రక్తం కాదు, కణాల మధ్య ఊరే ద్రవం. తిన్న తర్వాత రక్తంలో పెరిగిన చక్కెర ఆ ద్రవంలోకి చేరడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. కాలువకు నీళ్ళు వదిలిన వెంటనే చివరి మడి తడవదు కదా! 2010లో ఈ బృందం ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలో కలిపే సూత్రం తయారుచేసి, పదిమంది ఆరోగ్యవంతుల మీద పరీక్షించింది. కొలతలు మెరుగుపడ్డాయి.

పదేళ్ళ తర్వాత, 2020లో, అదే ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులూ శాంసంగ్ సంస్థవారూ కలిసి బతికున్న పందుల చర్మం మీద లేజరు ప్రసరింపజేశారు. రక్తంలోకి గ్లూకోజు ఎక్కించినకొద్దీ రామన్ వర్ణపటంలో గ్లూకోజుకే చెందిన గీతలు పెరగడం నేరుగా కనబడింది. 1998 నాటి ప్రశ్నకు ఇది మంచి జవాబు. ఈసారి చూసింది బస్సును కాదు, గడియారాన్నే! 2025 నాటికి ఆ పరికరాన్ని చెప్పుల పెట్టె అంత చేయగలిగారు.

అదే 2025లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు మరో దారి చూపించారు. కాంతి తగిలినప్పుడు కణజాలం రవ్వంత వేడెక్కి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు చెవికి వినబడని శబ్దం పుడుతుంది. కాంతి చర్మంలో చెదిరినంతగా శబ్దం చెదరదు. ధ్రువిత కాంతిని పంపి, పుట్టిన శబ్దాన్ని వింటే, చక్కెర ఆ కాంతిని ఎంత తిప్పిందో పసిగట్టవచ్చు.

ఇంకా ఎంత దూరం?

పది మంది మీద కుదిరినది పది కోట్ల మందికి కుదరాలి. చర్మం రంగు అందరికీ ఒకటి కాదు, మందం ఒకటి కాదు. నాట్లు వేసి, కలుపు తీసి కాయలు కాచిన చేతిలోనూ, ఎండలో పనిచేసి వేడెక్కిన చేతిలోనూ, చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ళు తగిలిన చేతిలోనూ పరికరం ఒకే నిజం చెప్పాలి. 200 ఉన్నచోట 210 అని చూపిస్తే పెద్ద నష్టం లేదు. 60 ఉన్నచోట 160 అని చూపిస్తే, దాన్ని నమ్మి ఇన్సులిను వేసుకున్న మనిషి పడిపోతాడు.

ఇంతలోనే "సూది లేకుండా షుగరు చూపిస్తుంది" అంటూ గడియారాలు, ఉంగరాలు అమ్మకానికి వచ్చాయి. చర్మాన్ని గుచ్చకుండా స్వయంగా చక్కెర కొలిచే ఏ గడియారానికీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదనీ, వాటిని వాడవద్దనీ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరి 21న హెచ్చరించింది. చర్మంలోకి తీగ దించిన పరికరం నుంచి అంకెను తెచ్చి చూపే గడియారం సంగతి వేరు. అది కొలవదు, చూపిస్తుంది, అంతే.

మీ ఇంట్లో తాతయ్యకో, అమ్మమ్మకో ఎవరైనా అలాంటి గడియారం అమ్మజూపితే మీరు మూడు ప్రశ్నలు అడగండి. ఇది నేరుగా చక్కెరనే చూస్తుందా, ఇంకొకదాన్ని చూసి ఊహిస్తుందా? ఎంతమంది రోగుల మీద, చక్కెర బాగా తగ్గినప్పుడు కూడా, పరీక్షించారు? దీనికి ఏ ప్రభుత్వ సంస్థ అనుమతి ఉంది? ఈ మూడింటికీ సరైన జవాబు వచ్చే దాకా వేలి మీది ఆ చిన్న చుక్కనే నమ్మమని చెప్పండి.